సాఫ్ట్‌బాక్స్‌కి వైర్‌లెస్ ట్రిగ్గర్ బిగించడం: ఫ్లాష్ బరువు బ్రాకెట్టే మోయాలి

మడత సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్ వెలుతురును మెత్తబరిచే గుడ్డ పెట్టె) పెట్టి బయట షూట్ చేస్తున్నప్పుడు ఫ్లాష్ కొట్టకపోతే మొదటి నింద ట్రిగ్గర్ మీద, అంటే కెమెరా సంకేతాన్ని రేడియోతో ఫ్లాష్‌కి చేర్చే పరికరం మీద పడుతుంది. చానెల్ మారుస్తారు, సెల్స్ మారుస్తారు, చివరికి కొత్త ట్రిగ్గర్ కొంటారు. చాలాసార్లు తప్పు రేడియోలో ఉండదు, బిగింపులో ఉంటుంది. సెల్స్‌తో కలిపి అర కిలో ఉండే ఫ్లాష్‌ను రిసీవర్ (ఫ్లాష్ వైపు సంకేతం అందుకునే భాగం) ప్లాస్టిక్ షూ (ఫ్లాష్ కాలు, అంటే అడుగు భాగం, జారి కూర్చునే గాడి) మీద నిలబెడితే ఆ షూ కొద్దికొద్దిగా వంగుతుంది. అడుగున ఉన్న మధ్య పిన్ కాస్త పక్కకు జరిగినా చాలు, ఒక ఫ్రేమ్‌కి కొట్టి ఇంకో ఫ్రేమ్‌కి ఊరుకుంటుంది. అందుకే ఫ్లాష్ బరువంతా బ్రాకెట్ (ఫ్లాష్‌నీ బాక్స్‌నీ స్టాండ్ మీద పట్టి ఉంచే చట్రం) మోసేలా బిగించాలి. రిసీవర్ మీద దాని సొంత బరువు తప్ప ఇంకేమీ పడకూడదు. కింద చెప్పే ప్రతి పద్ధతీ ఈ లెక్క మీదే నడుస్తుంది.

పెళ్లిళ్లకీ ప్రీవెడ్డింగ్ షూట్‌లకీ మన దగ్గర ఎక్కువగా కనిపించే సెట్టే ఉదాహరణగా తీసుకుందాం: 60×60 లేదా 80×80 సెంటీమీటర్ల మడత సాఫ్ట్‌బాక్స్, ఎస్ టైప్ బ్రాకెట్, ఒక స్పీడ్‌లైట్ (కెమెరా మీద పెట్టుకునే రకం చిన్న ఫ్లాష్), ఒక లైట్ స్టాండ్. గొడుగులా తెరుచుకునే ఆక్టాబాక్స్‌కి (ఎనిమిది పలకల సాఫ్ట్‌బాక్స్) లెక్క వేరు, దాని సంగతి తర్వాత.

అసలు రిసీవర్ అవసరమా?

గొడాక్స్ టీటీ600, వీ860 టూ, ఏడీ200, యోంగ్నువో వైఎన్560 ఫోర్ లాంటి వాటిలో రిసీవర్ లోపలే ఉంటుంది. కెమెరా మీద ట్రాన్స్‌మిటర్ (సంకేతం పంపే భాగం) పెడితే సరిపోతుంది, ఫ్లాష్ కాలికి ఏదీ తగిలించక్కర్లేదు. కొత్తగా కొనేవాళ్లు ఇలాంటిదే కొనడం మంచిది. మధ్యలో ఒక జాయింట్ తగ్గిందంటే చెడిపోయే చోటు ఒకటి తగ్గినట్టే. ఒక్క జాగ్రత్త: గొడాక్స్ ట్రాన్స్‌మిటర్‌తో యోంగ్నువో ఫ్లాష్ పలకదు. రెండూ 2.4 గిగాహెర్ట్‌జ్ మీదే పనిచేస్తాయి గానీ ఒకదాని సంకేతం ఇంకోదానికి అర్థం కాదు.

కానన్ 600ఈఎక్స్, నికాన్ ఎస్‌బీ-910 లాంటి కంపెనీ ఫ్లాష్‌లు ఇప్పటికే ఉంటే విడి రిసీవర్ కావాలి. గొడాక్స్‌లో కానన్‌కి ఎక్స్1ఆర్-సి, నికాన్‌కి ఎక్స్1ఆర్-ఎన్ తీసుకోవాలి. షూలో మధ్య పిన్ అన్ని బ్రాండ్లకీ ఒకే చోట ఉంటుంది, దాని పని ఫ్లాష్‌ను కొట్టించడం. చుట్టూ ఉన్న చిన్న పిన్నులు టీటీఎల్ (కెమెరాయే పవర్ లెక్కగట్టే పద్ధతి), హెచ్‌ఎస్‌ఎస్ (మామూలు పరిమితి దాటిన షట్టర్ వేగంలోనూ ఫ్లాష్ కొట్టే పద్ధతి) సమాచారం మోస్తాయి. వాటి అమరిక బ్రాండ్‌ను బట్టి మారుతుంది. కాబట్టి వేరే బ్రాండ్ రిసీవర్ పెడితే ఫ్లాష్ కొట్టవచ్చు గానీ పవర్ మన మాట వినదు. సోనీ 2012 నుంచి షూనే మార్చింది. దాని కాంటాక్ట్‌లు షూ ముందు అంచు లోపల సన్నగా ఉంటాయి, ట్రిగ్గర్‌ను ఒకవైపుకు వాల్చి తోస్తే దెబ్బతింటాయి. నేరుగా, మెల్లగా జరపాలి.

కెమెరా వైపు కూడా ఒకసారి చూసుకోండి. కానన్ 1500డి, 3000డి, 200డి టూ బాడీల హాట్ షూలో (కెమెరా పైనున్న పిన్నుల షూ) మధ్య పిన్నే ఉండదు. ఆ ఒక్క పిన్ మీద ఆధారపడే మాన్యువల్ ట్రిగ్గర్లు వీటి మీద ఎంత బిగించినా ఫైర్ కావు. కానన్ కోసమే చేసిన ట్రాన్స్‌మిటర్‌ను కొత్త ఫర్మ్‌వేర్‌తో (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) వాడాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ల దగ్గర ఈ కెమెరాలు ఎక్కువగా ఉండటంతో, పాడు కాని ట్రిగ్గర్లు ఎన్నో పాడయ్యాయనుకుని షాపుకి వాపస్ వెళ్తుంటాయి.

ఇంట్లో పాత వివిటార్ 283 లాంటి ఫ్లాష్ ఉండి, దాన్ని సాఫ్ట్‌బాక్స్‌లో వాడాలనిపిస్తే ముందు ట్రిగ్గర్ వోల్టేజ్ చూడండి. ఫ్లాష్ ఆన్ చేసి, రెడీ లైట్ వెలిగాక, మధ్య పిన్‌కీ షూ పక్క అంచుకీ మల్టీమీటర్ పెట్టి డీసీ వోల్టేజ్ కొలవాలి. పాత తయారీల్లో అది 200 వోల్టులు దాటవచ్చు. అంత వోల్టేజ్ రిసీవర్‌ను కాల్చేస్తుంది. రిసీవర్ మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితి లోపల ఉంటేనే తగిలించండి.

బ్రాకెట్‌లో ఫ్లాష్ కూర్చోబెట్టడం

ఎస్ బ్రాకెట్‌కి ఆ పేరు బోవెన్స్ ఎస్ మౌంట్ నుంచి వచ్చింది. బోవెన్స్ అనే బ్రిటిష్ కంపెనీ 2017లో మూతపడింది గానీ, మూడు పళ్లతో తిప్పి బిగించే ఆ రింగ్ మాత్రం ప్రపంచమంతా నిలిచిపోయింది. మడత సాఫ్ట్‌బాక్స్ కొనేటప్పుడు బోవెన్స్ మౌంట్ అడిగితే, రేపు పెద్ద లైట్ కొన్నా అదే బాక్స్ పనికొస్తుంది. ఏడీ200 ప్రో, వీ1 లాంటి పెద్ద తలల ఫ్లాష్‌లకి ఎస్2 రకం బ్రాకెట్ తీసుకోండి. మొదటి రకం బ్రాకెట్ దవడలు వాటికి చాలవు.

బిగించే వరుస ముఖ్యం. ముందు స్టాండ్ తెరిచి కాళ్లు వెడల్పుగా పరచండి, కింద ఇసుక సంచి వేలాడదీయండి. తర్వాత స్టాండ్ తల మీది 16 మిల్లీమీటర్ల పిన్‌ను బ్రాకెట్ అడుగు రంధ్రంలోకి పూర్తిగా దింపి మర బిగించండి. ఆ పిన్ నడుమ ఒక సన్నని గాడి ఉంటుంది. మర మొన ఆ గాడిలో కూర్చోవాలి. గాడి పైనో కిందో పట్టుకుంటే ఆ పూటకి గట్టిగానే అనిపిస్తుంది, గాలి వీచగానే బ్రాకెట్ గిర్రున తిరుగుతుంది. ఆ తర్వాత సాఫ్ట్‌బాక్స్‌ను రింగులో పెట్టి, క్లిక్ వినపడే దాకా తిప్పండి. ఫ్లాష్ చివర్లో. ఫ్లాష్ ముందే పెట్టేసి బాక్స్ తిప్పబోతే ఫ్లాష్ తల బాక్స్ గుడ్డకు అడ్డం తగులుతుంది.

ఇప్పుడు ఫ్లాష్. తలను మామూలు స్థితిలో, అంటే ముందుకు చూసేలా ఉంచి, వెనక నుంచి దవడల మధ్యకు తోయండి. తల ముందు భాగం రింగు దాటి బాక్స్ లోపలికి రెండు మూడు సెంటీమీటర్లు రావాలి. అంతకంటే వెనక్కి ఉంటే రింగు అంచు వెలుతురుకు అడ్డొచ్చి బాక్స్ మూలలు చీకటిగా మిగులుతాయి. దవడలు తల మధ్యభాగాన్ని పట్టుకోవాలి. మడిచే కీలు మీద గానీ, బయటికి లాగే వైడ్ ప్యానెల్ (వెలుతురును వెడల్పుగా పరిచే పలక) మీద గానీ, తల తిప్పేందుకు నొక్కే బటన్ మీద గానీ పడకూడదు. నాబ్‌ను వేళ్లతో తిరిగినంత వరకే తిప్పండి. తల లోపల జూమ్ యంత్రాంగం ముందుకీ వెనక్కీ కదులుతూ ఉంటుంది. పైనున్న ప్లాస్టిక్‌ను నొక్కేస్తే జూమ్ ఇరుక్కుపోతుంది. ఫ్లాష్‌ను పట్టుకుని మెల్లగా ఊపితే స్టాండ్ కూడా కలిసి ఊగాలి, ఫ్లాష్ ఒక్కటే ఊగకూడదు. అంత బిగువు చాలు.

ఇలా తల పట్టుకున్నాక ఫ్లాష్ బాడీ బ్రాకెట్ వెనక కిందికి వేలాడుతుంది, దాని కాలు నేలవైపు ఉంటుంది. రిసీవర్ తగిలించాల్సింది ఆ కాలికే. స్టాండ్ మీద నిలబెట్టినట్టు కాకుండా ఇక్కడ రిసీవర్ కింద వేలాడుతుంది కాబట్టి ఫ్లాష్ బరువు దాని మీద పడదు, దాని బరువు మాత్రం ఫ్లాష్ కాలు మోస్తుంది. ఆ కాస్త బరువుకి భయం లేదు. భయమల్లా వదులు అయ్యి జారిపోవడం గురించే. లాక్ చక్రం పూర్తిగా తిప్పి, రెండు సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున్న వెల్క్రో పట్టీని రిసీవర్ చుట్టూ చుట్టి బ్రాకెట్ కాడకి కట్టేయండి. పట్టీ కొద్దిగా వదులుగా ఉండాలి. బిగుతుగా లాగితే రిసీవర్ పక్కకు వాలి, మళ్లీ అదే పిన్ సమస్య వస్తుంది. పట్టీ ఎల్‌ఈడీ మీదుగా పోకుండా చూడండి. ఏ ఇబ్బంది వచ్చినా మొదట చూడాల్సింది ఆ లైట్‌నే.

సాఫ్ట్‌బాక్స్ ముఖాన్ని కిందికి వంచితే, వేలాడే బాడీ స్టాండ్ కర్రకు దూరంగా జరుగుతుంది. మనుషుల్ని తీసేటప్పుడు బాక్స్ వాళ్ల తలకంటే ఎత్తులో పెట్టి కిందికే వంచుతాం కనుక మామూలుగా ఇబ్బంది ఉండదు. బాక్స్ కింద పెట్టి పైకి చూపిస్తే మాత్రం బాడీ, రిసీవర్ వచ్చి కర్రకు కొట్టుకుంటాయి. అలాంటప్పుడు దవడలు వదులు చేసి ఫ్లాష్‌ను తలకిందులుగా తిప్పి బిగించండి. బాడీ పైకి వస్తుంది, స్క్రీన్ తిరగబడి కనిపిస్తుంది, రిసీవర్ అన్నిటికంటే ఎత్తులో ఉంటుంది. జనం ఎక్కువ ఉన్న చోట ఇది అందరి తలల పైనుంచి సిగ్నల్ అందుకుంటుంది. ఫంక్షన్ హాల్లో ఈ అమరికే వాడమని మేం చెబుతాం.

షూ ఉన్న బ్రాకెట్ అయితే

తల పట్టుకునే దవడలు లేకుండా, పైన ఒక కోల్డ్ షూ (పిన్నులు లేని ఉత్త గాడి) మాత్రమే ఉన్న చవక బ్రాకెట్లు కూడా సాఫ్ట్‌బాక్స్ కిట్‌లతో వస్తాయి. వీటిలో రిసీవర్‌ను షూలో పెట్టి దాని మీద ఫ్లాష్ నిలబెట్టడం అందరూ చేసే పని, అన్నిటికంటే చెడ్డ పని కూడా. ఒకటి, బరువంతా రిసీవర్ మీద పడుతుంది. రెండు, రిసీవర్ మందం మేరకు ఫ్లాష్ పైకి లేచి, తల బాక్స్ నడుమకి కాకుండా పై అంచుకి కొడుతుంది. ముఖం మీద వెలుతురు పైన ఎక్కువగా, కింద తక్కువగా పడుతున్నా చాలామంది కారణం కనిపెట్టలేరు.

దీనికి మందు సింక్ కేబుల్. ఫ్లాష్‌ను నేరుగా కోల్డ్ షూలో పెట్టి, రిసీవర్‌ను స్టాండ్ కర్రకి వెల్క్రోతో కట్టి, రెండింటినీ చిన్న కేబుల్‌తో కలపాలి. ఫ్లాష్‌కి ఏ జాక్ ఉందో (3.5 మిల్లీమీటర్లా, 2.5 మిల్లీమీటర్లా, మరతో ఉండే పీసీ సాకెట్టా) చూసి కేబుల్ కొనండి. సింక్ కేబుల్ ఫ్లాష్‌ను కొట్టిస్తుందంతే. టీటీఎల్ రాదు, పవర్‌ను ఫ్లాష్ మీదే మాన్యువల్‌గా పెట్టుకోవాలి. కేబుల్‌ను కర్రకి ఒక చుట్టు చుట్టి పెడితే ఎవరి కాలో తగిలినా జాక్ ఊడిరాదు.

కోల్డ్ షూ లోహంతో చేసినదైతే ఇంకో చిక్కు ఉంది. ఫ్లాష్ కాలి పిన్నులు ఆ లోహానికి తగిలి షార్ట్ అవుతాయి. ఫ్లాష్ దానంతట అదే కొట్టేస్తుంది, లేదంటే అసలు కొట్టదు. షూ లోపలి అడుగున ఇన్సులేషన్ టేప్ ఒక్క పొర అంటించండి, సరిపోతుంది.

గొడుగు రకం ఆక్టాబాక్స్

80 నుంచి 120 సెంటీమీటర్ల గొడుగు సాఫ్ట్‌బాక్స్‌లో ఫ్లాష్ మొత్తం గుడ్డ లోపలే ఉంటుంది, గొడుగు లోపలి వెండి పూత వైపు తిరిగి కొడుతుంది. వెలుతురు వెనక్కి తగిలి, ముందున్న తెల్ల గుడ్డ గుండా బయటికొస్తుంది. ఇక్కడ ఆప్టికల్ స్లేవ్ మోడ్‌ను (ఇంకో ఫ్లాష్ వెలుగు చూసి కొట్టే పద్ధతి) నమ్ముకోకండి. దాని కన్ను గుడ్డ వెనక దాగి ఉంటుంది, ఎండలో అసలు పలకదు. రేడియో మాత్రం గుడ్డలోంచి వెళ్తుంది. గొడుగు కాడను బ్రాకెట్ రంధ్రంలో ముందుకీ వెనక్కీ జరిపి, ఫ్లాష్ వెలుతురు గొడుగు అంచుల దాకా పరుచుకునే చోట బిగించండి. జిప్ వేశాక స్క్రీన్ అందదు. కాబట్టి చానెల్, గ్రూప్, స్లీప్ సెట్టింగ్‌లన్నీ జిప్ వేయకముందే పూర్తిచేసి, ఒక టెస్ట్ ఫ్లాష్ కొట్టి చూసుకోండి.

సెట్టింగ్‌లు

రెండు వైపులా చానెల్ ఒకటే ఉండాలి, గ్రూప్ (కలిపి నియంత్రించే ఫ్లాష్‌ల జట్టు) కూడా. గొడాక్స్‌లో 32 చానెళ్లు, వాటికి తోడు 01 నుంచి 99 దాకా ఐడీ ఉంటుంది. ముహూర్తాల సీజన్‌లో ఒకే ప్రాంగణంలో రెండు మూడు పెళ్లిళ్లు జరుగుతాయి, అందరి దగ్గరా ఇవే ట్రిగ్గర్లు ఉంటాయి, అందరూ చానెల్ 1లోనే వదిలేస్తారు. పక్క హాల్ ఫోటోగ్రాఫర్ క్లిక్ చేస్తే మీ ఫ్లాష్ కొడుతుంది, మీరు తలంబ్రాల మీద క్లిక్ చేసే సమయానికి అది ఇంకా చార్జ్ అవుతూ ఉంటుంది. చానెల్‌ని స్కాన్ చేసి ఖాళీది ఎంచుకోండి, ఐడీ కూడా తప్పనిసరిగా పెట్టండి. యోంగ్నువో ఆర్‌ఎఫ్-603 లాంటి వాటిలో సెల్స్ పెట్టే చోట నాలుగు బుల్లి స్విచ్‌లు ఉంటాయి. వాటిని అన్ని యూనిట్లలోనూ ఒకే వరుసలో పెట్టాలి.

తల జూమ్‌ను మాన్యువల్‌లో 24 మిల్లీమీటర్ల దగ్గర ఉంచండి, లేదా వైడ్ ప్యానెల్ లాగండి. జూమ్ 105లో మర్చిపోతే బాక్స్ నడుమ ఒక తెల్ల చుక్క తప్ప చుట్టూ ఏమీ వెలగదు. సాఫ్ట్‌బాక్స్ లోపలి గుడ్డ, ముందు గుడ్డ కలిపి దాదాపు ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌ల (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది) వెలుతురు తినేస్తాయి. హెచ్‌ఎస్‌ఎస్ వాడితే ఇంకో రెండు స్టాప్‌లు పోతాయి. మధ్యాహ్నపు ఎండతో పోటీపడాలంటే ఒక్క స్పీడ్‌లైట్ చాలదని ముందే తెలుసుకుని వెళ్లడం మేలు. బాక్స్‌ను దగ్గరికి జరపడం అన్నిటికంటే చవకైన ఉపాయం. దూరం సగానికి తగ్గిస్తే వెలుతురు నాలుగు రెట్లవుతుంది.

బిగింపు సరిగ్గా ఉందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది, రెండు నిమిషాల పని. కెమెరాను సాఫ్ట్‌బాక్స్ ముఖానికి సూటిగా పెట్టి, ఐఎస్ఓ 100, 1/200, ఎఫ్/16, ఫ్లాష్ పవర్ 1/64తో బాక్స్‌నే ఫోటో తీయండి. మొత్తం తెల్లగా వస్తే పవర్ ఇంకా తగ్గించండి. నడుమ కాస్త ఎక్కువగా, నాలుగు మూలలూ సమానంగా ఉంటే బిగింపు బాగున్నట్టు. ఒక పక్క చీకటిగా ఉంటే ఫ్లాష్ తల పక్కకు వాలింది. నడుమ గుండ్రంగా మండిపోతే లోపలి గుడ్డ వేయలేదన్నమాట, లేదా జూమ్ ఎక్కువగా ఉంది.

కొట్టకపోతే

ఫోటో కింద గానీ పైన గానీ నల్లటి పట్టీ వస్తే ఫ్లాష్ కొడుతున్నట్టే, షట్టర్ సింక్ వేగం (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం) దాటింది. కానన్ 6డికి 1/180, సోనీ ఏ7 త్రీకి 1/250, మీ బాడీకి ఎంతో చూసుకోండి. మాన్యువల్ ట్రిగ్గర్లతో అంతకంటే ఒక మెట్టు తక్కువలో ఉంటే నిశ్చింత. మిర్రర్‌లెస్‌లో సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంటే చాలా బాడీలు ఫ్లాష్‌కి సంకేతమే పంపవు. ట్రిగ్గర్ విప్పే ముందు మెనూలో అది చూడండి.

కెమెరా పక్కనే, మీటరు లోపల ఉన్న ఫ్లాష్ కొట్టకుండా దూరంగా ఉన్నది కొడితే కంగారు పడకండి. అతి దగ్గరలో సిగ్నల్ మరీ బలంగా తగిలి రిసీవర్ తడబడుతుంది. గొడాక్స్ ఎక్స్‌ప్రో ట్రాన్స్‌మిటర్‌లో దూరం సెట్టింగ్‌ను 1-100 మీటర్ల నుంచి 0-30 మీటర్లకి మార్చండి. దీనికి విరుద్ధంగా దూరంలోనే సమస్య వస్తే మధ్యలో మనుషులు నిలబడ్డారేమో చూడండి. మనిషి ఒంట్లో నీళ్లెక్కువ, 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాల్ని నీళ్లు పీల్చేస్తాయి. స్టేజీ మీద బంధువుల వరుస వెనక తక్కువ ఎత్తులో పెట్టిన రిసీవర్‌కి సిగ్నల్ అందకపోవడానికి కారణం ఇదే. అడుగు పైకి లేపితే పలుకుతుంది. హాల్ వైఫై, వైర్‌లెస్ మైకులు, డ్రోన్ రిమోట్‌లు కూడా తరచుగా ఇదే బ్యాండ్‌లో ఉంటాయి.

మొదటి అరగంట బాగా కొట్టి తర్వాత మానేస్తే స్లీప్‌ను అనుమానించండి. ఫ్లాష్ మెనూలో ఆటో స్లీప్ ఆఫ్ చేయండి. రెండు ఫ్రేమ్‌లకి ఒకసారి కొడితే అది చార్జింగ్ ఆలస్యం. టీటీ600 ఫుల్ పవర్ నుంచి మళ్లీ సిద్ధం కావడానికి రెండున్నర సెకన్లకు పైగా పడుతుంది. జీలకర్ర బెల్లం సమయంలో 1/8 లేదా 1/16కి దించి, ఐఎస్ఓ పెంచుకోండి. ఫుల్ పవర్‌లో ఆగకుండా కొడుతూ పోతే ఫ్లాష్ వేడెక్కి తనంతట తానే నెమ్మదిస్తుంది. గుడ్డ లోపల ఉన్న ఫ్లాష్‌కి గాలి ఆడదు కాబట్టి ఇంకా త్వరగా వేడెక్కుతుంది.

సెల్స్ విషయంలో ఒక హెచ్చరిక. 14500 అనే లిథియం సెల్ అచ్చం డబుల్ ఏ సైజులోనే ఉంటుంది, కానీ 3.7 వోల్టులు ఇస్తుంది. దాన్ని ట్రిగ్గర్‌లో పెడితే ట్రిగ్గర్ పోయినట్టే. 1.2 వోల్టుల రీచార్జబుల్ నికెల్ సెల్స్ వాడండి, ఫ్లాష్‌లోని నాలుగూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి, ఒకేసారి చార్జ్ చేసినవి. కొత్తవీ పాతవీ కలిపితే బలహీనమైనదే మిగతా మూడింటినీ కుంగదీస్తుంది.

రుషికొండ, గండికోట లాంటి గాలి చోట్లలో బాక్స్ తెరచాపలా పనిచేస్తుంది. ఐదు కిలోలకు తగ్గని ఇసుక సంచి వేసి, స్టాండ్ కాళ్లలో ఒకదాన్ని బాక్స్ ముఖం వైపు పెట్టండి, సంచి ఆ కాలి మీదికి రావాలి. అయినా గాలి పెరిగితే ఒక మనిషి పట్టుకోవాల్సిందే, ఇందులో మొహమాటపడి లాభం లేదు. సముద్రం దగ్గర ఉప్పు తేమ షూ పిన్నుల మీద పొరలా పేరుకుంటుంది. షూట్ అయ్యాక ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో కెమెరా షూ, ట్రిగ్గర్ కాలు, ఫ్లాష్ కాలు తుడవండి.

విప్పేటప్పుడు వరుస తిరగబడుతుంది. వెల్క్రో తీసి రిసీవర్ మొదట, తర్వాత ఫ్లాష్, ఆ తర్వాత సాఫ్ట్‌బాక్స్, చివర్న బ్రాకెట్. ఫ్లాష్ తీసే ముందు నాబ్ వదులు చేయండి, బిగిసి ఉండగా లాగితే దవడల రబ్బరు ఊడొస్తుంది. రిసీవర్ కాలికి తగిలించే ఉంచి సంచిలో కుక్కకండి, కాళ్లు విరిగేది ఎక్కువగా అక్కడే. వారం పాటు షూట్ లేకపోతే ట్రిగ్గర్, రిసీవర్ రెండింటిలోనూ సెల్స్ తీసేయండి.